ఉన్నదే చదివిన

మొన్న మా పాత మిషన్ బడి వసారాలో, ఒకప్పుడు మాతో అక్కడే చదివి ఈ మధ్య పోయిన ఒకామెకు సంతాప సభ పెట్టారు. ఏడుగురు మాట్లాడారు, ఏడుగురిదీ ఒకటే మాట. టర్ము ఆఖరి రోజున ఇండ్లకు పంపే ఉత్తరాలను తల్లిదండ్రులకు చదివి వినిపించే పని చిన్నప్పుడు ఆమెది. కాగితం మీద చేదుగా ఏమైనా ఉంటే ఆమె మింగేసి, తీపిని మాత్రమే పైకి చదివేదట. లెక్కల్లో సున్నా అని ఉంటే "మంచిగ చదువుతాంది" అనేదట. అల్లరిపిల్ల అని ఉంటే "హుషారు పిల్ల" అనేదట. అట్లా ఎందరు ఆడపిల్లల చదువులు నిలబెట్టిందో చెప్పలేమట. పట్టుచీర కట్టుకొచ్చిన ఒకావిడ ముక్కు తుడుచుకుంటూ, "ఆమె చల్లని అబద్ధాలే మనకు దీవెనలు" అంది. అందరూ తలలూపారు.

నేను ఊపలేదు. లేచి, "ఆమె ఒక్క అక్షరం కూడా మార్చి చదవలేదు. మీరంతా చెప్పుకునేది వట్టి పుకారు" అన్నాను.

చావు మాటల దగ్గర కూడా వాదన పెట్టుకుంటానని నాకు పేరుంది. ఆ పేరు నేను కష్టపడి సంపాదించుకున్నదే. పట్టుచీర ఆవిడ వెనక్కి తిరిగి, "గంత గట్టిగ చెప్తున్నరు, మీకెట్ల తెలుసు మేడం?" అని అడిగింది.

జవాబు నా చేతిసంచిలోనే ఉంది. తీయలేకపోయాను. కూర్చున్నాను. నేను నోరు మూసుకుని కూర్చోవడం చూసి సభ నివ్వెరపోయింది. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

నాకెట్ల తెలుసంటే, ఆమె తప్పు పట్టుకోవాలని మూడేండ్లు కాచుకుని ఉన్నదాన్ని నేనే గనుక.

నల్లగొండ బడిలో నన్ను చేర్పించేనాటికి నాకు పదేండ్లు. నిజాం కాలం. సర్కారు బడుల్లో చదువంతా ఉర్దూ. ఆడపిల్లకు తెలుగు అక్షరం రావాలంటే మా దిక్కున మిషన్ బడే గతి. గుంటూరు వైపునుంచి వచ్చిన ఒక సిస్టరమ్మ దాన్ని నడిపేది. బోర్డింగులో ముప్పై మందిమి. కాపు పిల్లలం కొందరం, వ్యాపారస్తుల పిల్లలు, కచేరీలో పనిచేసే ముసల్మానుల పిల్లలు ఇద్దరు, మిగతావాళ్లు కిరస్తానీ పిల్లలు. ఆమె ఆ చివరి గుంపులోది. ఊరవతలి వాడలో పుట్టింది. తల్లీ తండ్రీ ఒకే వానకాలంలో కలరాకు పోతే ఎవరో తెచ్చి సిస్టరమ్మ గడపలో వదిలారు. నాకంటే నాలుగేండ్లు పెద్ద. సన్నగా, నల్లగా, మోచేతులు ముందుకు పెట్టుకుని నడిచేది, రెండు చేతుల్లో ఎప్పుడూ ఏదో మోస్తున్నట్టు.

సిస్టరమ్మకు ఒక పట్టింపు ఉండేది. టర్ము ముగిసిన ప్రతిసారీ ప్రతి ఇంటికీ ఉత్తరం వెళ్లాలి. అందులో రెండు కాగితాలు. పెద్ద ఠావు అందరికీ ఒకటే: బడి కబుర్లు. బావిలో నీళ్లు ఎంత ఉన్నాయి, ఎవరికి జ్వరాలు తగిలి తగ్గాయి, కుట్టుపనిలో ఎంతవరకు వచ్చారు, జామచెట్టు కాసిందా లేదా. జామచెట్టు సంగతి లేని ఉత్తరం ఒక్కటి కూడా నేను చూడలేదు. రెండోది చిన్న చీటీ. ఆ పిల్ల గురించి మూడు నాలుగు వాక్యాలు. కాగితం కరువు రోజులు, చీటీ మీద పేరు రాసేంత జాగా కూడా వృథా చేసేది కాదు సిస్టరమ్మ. పేరు కవరు మీదే. లోపల "ఈ అమ్మాయి" అని మొదలయ్యేది. రెండూ కలిపి గుండుసూది.

ఉత్తరాలైతే రాసింది గాని, చదివేదెవరు? వచ్చే తల్లులకు అక్షరం రాదు. తండ్రుల్లో అక్షరం వచ్చినవాళ్లకు ఉర్దూయే వచ్చు. అందుకని ఆఖరి రోజున వసారాలో ఈతచాప పరిచి, కచ్చురం బండ్లు కట్టుకుని వచ్చిన తల్లిదండ్రులను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఒక పిల్లచేత వాళ్ల ఉత్తరం చదివించేది. ఆ పిల్ల ఈమె. సిస్టరమ్మ చిత్తుగా రాసి ఇచ్చిన చీటీలను శుభ్రంగా ఎత్తి రాసేదీ ఈమే.

చేతిరాత నాది బాగుండేది. ఇది నా గొప్ప కాదు, నోటుపుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి, వచ్చి చూసుకోవచ్చు. చదవడంలో నేను మొదటిదాన్ని. అయినా చాప మీద ఆమే.

ఎట్లా చదివేదో చెప్పాలి. ముందు రెండు అరచేతులూ లంగాకు తుడుచుకునేది. గుండుసూది తీసి జాకెట్టు మెడపట్టీకి గుచ్చుకునేది. ఎడమచేత్తో కాగితం పట్టుకుని, కుడిచేతి వేలు అక్షరాల కింద పెట్టి, తల ఎత్తకుండా మొదలుపెట్టేది. మంచికీ చెడుకూ గొంతు మారేది కాదు. "జామచెట్టు కాసినది" అని ఏ గొంతుతో చదివేదో, "ఈ అమ్మాయికి లెక్కలలో సున్న వచ్చినది" అనీ అదే గొంతుతో చదివేది. విన్న తల్లికి సున్నా కూడా చెట్టు కాసినట్టే, కాలం వస్తే సరయ్యేదానిలాగే అనిపించేది. ఏడుగురు సభలో చెప్పిన తీపి ఇదే. మాటలు మార్చింది కాదు, గొంతు మార్చలేదు, అంతే. చదవడం అయ్యాక ఎవరైనా, "ఇంకేమన్న రాసిందా బిడ్డా? దాస్తున్నవా ఏంది?" అంటే, కాగితం వాళ్ల ముందు పెట్టి ఒకటే మాట అనేది.

"గంతే. ఉన్నదే చదివిన."

సాయంత్రానికి మెడపట్టీ నిండా గుండుసూదులు మెరుస్తూ ఉండేవి. రాజుల మెడలో పతకాలున్నా నాకు అంత కడుపుమండేది కాదు.

మొదటిసారి మా అమ్మ ఆమె చేతి కాగితం ముట్టలేదు. "కింద పెట్టు పిల్లా" అంటే చాప మీద పెట్టింది, అమ్మ కొంగుతో తీసుకుంది. మా ఇంటి మర్యాద అప్పుడు అది. ఇట్లాంటి దూరం ఉంటే కొన్నాళ్లకు ఆమెను మానిపించి నన్ను పెడతారని లోలోపల ఆశపడ్డాను. రెండో టర్ముకు అమ్మ కొంగు అడ్డం పెట్టలేదు. మూడోదానికి, "నేను చదువుతనే అమ్మా, నా ఉత్తరం నాకు రాదా?" అని కాగితం గుంజుకుంటే, అమ్మ నా చేతిమీద ఒక్కటి కొట్టింది.

"నువ్వు చదివితే పట్వారీ జప్తుకు వచ్చినట్టుంటదే. ఆ పిల్లను చదవనియ్యి. చెవులకు సల్లగుంటది."

కన్నతల్లి అన్న మాట. నాకిప్పుడు యాభై దాటాయి. ఆ వాక్యంలో ఒక్క ముక్క కూడా మరిచిపోలేదు.

ఇంటికి పోయాక నా ఉత్తరం తీసి, విన్నదానికీ రాసినదానికీ తేడా పట్టేదాన్ని. ఎక్కడా లేదు. సెలవులయ్యాక తోటి పిల్లలవీ తెమ్మని, "మీకేం రాసిన్రో చూద్దాం" అని వంకపెట్టి, వాళ్ల అమ్మలు ఏం విన్నారో అడిగి సరిచూశాను. ఇరవై ముప్పై ఉత్తరాలు చూసి ఉంటాను. ఒక్క పదం జారలేదు. ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఆ సభలో ఎవరి దగ్గరా లేదు. ప్రేమించినవాళ్లు అంత జాగ్రత్తగా చూడరు.

ఆమెకూ ఒక ఉత్తరం ఉండేది. ఇది నాకు రెండో ఏడు తెలిసింది. మా బండి ఎద్దుకు డెక్క వాచి ఆలస్యమై, ఆ రోజు అందరికంటే వెనక నేనే మిగిలాను. చాప చుట్టేసి, ఆమె ఒక కవరు పట్టుకుని బావిగట్టు మీద కూర్చుంది. చేతులు లంగాకు తుడుచుకుంది. గుండుసూది తీసి మెడపట్టీకి గుచ్చుకుంది. వేలు పెట్టి, అదే గొంతుతో, జామచెట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టి తనకు తానే చదివి వినిపించుకుంది. ఎదురుగా ఎవరూ లేరు.

"నీకెవరు రాసిన్రే?" అని అడిగాను.

"సిస్టరమ్మ."

"నిన్ను తీస్కపోను ఎవలొస్తరని?"

"అందరికీ రాస్తది గదా, నాకూ రాస్తది." కాగితం మడిచింది. "నాది మాత్రం ఆమెనే రాస్తది. నాతోని ఎత్తి రాయియ్యది."

అంటే ముప్పై మందిలో సిస్టరమ్మ సొంత చేతిరాత దక్కేది ఈమె ఒక్కదానికే. దారి పొడుగునా బండిలో ఏడ్చాను. ఇల్లు గుర్తొచ్చి ఏడుస్తున్నాననుకుని మా నాయిన బెల్లం ముక్క ఇచ్చాడు.

ఇక నేను చేసిన పని. మూడో ఏడు, పోలీసు యాక్షనుకు ముందటి ఎండకాలం, ఉత్తరాల రోజున గేటు దగ్గర నిలబడి, వచ్చే తల్లులకు నేను చెప్పాను: చాప మీద కూర్చుని చదివే పిల్ల ఫలానా వాడ పిల్ల, మీకు తెలుసా, మీ కాగితాలన్నీ ఆమె ముట్టినవే. ముగ్గురు తల్లులు ఉత్తరం వినకుండానే వెళ్లిపోయారు. ఆమె మెడపట్టీకి ఆ రోజు మూడు సూదులు తక్కువ. సిస్టరమ్మకు తెలిసింది. పిలిచి అడిగింది. "ఉన్నదే చెప్పిన" అన్నాను నేను. ఆమె మాటనే ఎత్తుకుని. సిస్టరమ్మ నన్ను చూసి, "వెళ్లు" అంది.

తర్వాత ఆ సెప్టెంబరు వచ్చింది. మిలిటరీ లారీలు గోడ పక్కనుంచి పోతుంటే అందరం లోపలి గదిలో చాపల మీద పడుకుని పదిరోజులు గడిపాం. నిజాం పోయాడన్నారు. మా ఊళ్లో మాత్రం ఏదీ పోలేదు. రాత్రి కమ్యూనిస్టు దళం వస్తే అన్నం పెట్టాలి, తెల్లారి మిలిటరీ వస్తే ఎందుకు పెట్టావని అడుగుతుంది. దసరాకు ఇంటికి పోతే, మా మేనత్త వచ్చి, "ఈ కాలంల ఆడపిల్లను గంత దూరం ఎందుకు తమ్మీ, మా పిల్లగానికి చేసుకుంటం" అని కూర్చుంది. నాయిన ఎటూ చెప్పలేదు. నన్ను తిరిగి బడిలో దింపేటప్పుడు అమ్మతో అన్నాడు, నాకు వినబడేట్టే:

"క్రిస్మసుకు ఉత్తరం వస్తది గద. సిస్టరమ్మ ఏమంటదో సూద్దాం. చదువు అబ్బుతాందంటె పంపుదాం. లేదంటె అక్క మాట ఇందాం."

నా చదువంతా ఒక చీటీ మీద వేలాడుతోంది. ఆ చీటీ ఏమంటుందో నాకు ముందే తెలుసుకోవాలనిపించింది.

లాంతరు చిమ్నీలు తుడిచే వంతు నాది. కిరస్తానీ పిల్లలంతా మధ్యాహ్నం ప్రార్థనకు గుడిలోకి పోయినప్పుడు సిస్టరమ్మ గదిలోకి పోయాను. బల్ల మీద కవర్ల కట్ట. ఇంకా అంటించలేదు. నాది తీశాను. ఆమె గుండ్రటి అక్షరాల్లో ఇట్లా ఉంది:

"ఈ అమ్మాయి చదువులో అందరికన్న మొదటిది. కాని తోటిపిల్లను పుట్టుక పేరుతో కించపరచినది. చెప్పినను పశ్చాత్తాపము లేదు. వచ్చే టర్మునకు ఇంటియొద్దనే ఉంచుకొనగలరు."

ఎవరిని కించపరిచానో, ఆ పిల్లే కూర్చుని ఈ నాలుగు వాక్యాలూ ఎత్తి రాసింది. ఎక్కడా సిరా చెదరలేదు. ఏ అక్షరమూ వణకలేదు.

కట్ట అడుగున పేరు లేని కవరు ఒకటుంది. సిస్టరమ్మ సొంత రాత.

"ఈ అమ్మాయి విషయమై చెప్పదగిన లోపమేమియు లేదు. ఎవరు వచ్చి అడిగినను ఈమెను పంపుటకు నాకు మనసొప్పదు. ఈమె లేనిచో ఈ బడి బడిగా ఉండదు."

నిజం చెప్తున్నాను, నన్ను బడి మానమన్న మాటకంటే ఇదే నన్ను ఎక్కువ కాల్చింది. నాకు తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు, రెండు ఎద్దుల బండి ఉంది. వాళ్లెవరూ నా గురించి ఇట్లాంటి వాక్యం ఒక్కటీ అనలేదు. చీటీలు రెండూ మార్చేశాను. ఆమెది నా కవరులో పెట్టాను. నాది ఆమె కవరులోకి పోయింది, ఎట్లాగూ ఆ కవరు వినేవాళ్లెవరూ లేరు కదా అనుకున్నాను. గుండుసూదులు మళ్లీ పాత రంధ్రాల్లోంచే గుచ్చాను. పని నీటుగా చేయడం నాకు మొదటినుంచీ అలవాటు.

మర్నాడు ఉత్తరాల రోజు. అంత తక్కువ బండ్లు ఎప్పుడూ రాలేదు. పొద్దున్నే గేటు బయట బురఖాలో ఒకామె నిలబడి ఉంది. మా క్లాసు పిల్ల తల్లి. నిజాం పోవడంతో భర్తకు కచేరీ నౌకరీ పోయింది, మనిషి ఎక్కడున్నాడో తెలియదన్నారు. లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు, రావడానికి ఆమెకూ ధైర్యం లేదు. చాప మీది తల్లులు అటు చూసి ఇటు తిరిగారు. మా చదివే పిల్ల లేచి, కవరు తీసుకుని, గేటు దగ్గరికి పోయి నేల మీదే కూర్చుంది. ఠావంతా చదివింది, చీటీ చదివింది, వెంటనే తనకు వచ్చిన సగం ఉర్దూలో చెప్పింది. ఆ రోజు కూడా ఆ పిల్లకు లెక్కల్లో తక్కువ వచ్చిన సంగతి, కుట్టు బాగా వచ్చిన సంగతి, రెండూ వదల్లేదు.

"హిసాబ్ కచ్చాగుందంట అమ్మీ. సిలాయీ మస్తుగ చేస్తదంట."

ఆ తల్లి ముసుగులోపల నవ్వింది. మూడు నెలల్లో తన ఇంటి గురించి ఎవరో మామూలు మాట మాట్లాడటం ఆమెకు అదే మొదలేమో. "ఔర్ క్యా లిఖా?" అని, ఇంకేం రాసిందని అడిగింది.

"గంతే అమ్మీ. ఉన్నదే చదివిన."

ఉర్దూ నాకే బాగా వచ్చు. గేటు దాకా పోవాలని నాకెందుకు తోచలేదా అని ఒళ్లు మండిపోయింది.

తర్వాత మా వాళ్ల వంతు. నాయిన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అమ్మ ముందుకు జరిగి కూర్చుంది. నేను వసారా స్తంభం పట్టుకుని నిలబడ్డాను. ఆమె చేతులు తుడుచుకుంది, సూది తీసి గుచ్చుకుంది, ఠావు చదివింది. బడి పదిరోజులు మూయబడినది, ఏ పిల్లకును హాని కలుగలేదు, జామచెట్టు రెండవసారి కాసినది. చీటీ పైకి తీసింది.

వేలు మొదటి అక్షరం కింద ఆగింది.

ఆ రాత ఎవరిదో చూడగానే తెలుస్తుంది. మూడేండ్లలో మొదటిసారి ఆమె కాగితం మీదనుంచి తల ఎత్తింది. మా నాయిన వైపు కాదు, అమ్మ వైపు కాదు. నా వైపు చూసింది. కోపం లేదు. ఏముందో నాకు తెలియదు, తెలిస్తే ఇది రాసేదాన్నే కాదు. "ఇది నీ బిడ్డది కాదు" అని ఒక్క మాట అంటే చాలు, నా పని అయిపోయింది. అట్లా అనడానికి ఈ లోకంలో అందరికంటే ఎక్కువ హక్కు ఆమెకే ఉంది.

తల దించి చదివింది. "ఈ అమ్మాయి విషయమై చెప్పదగిన లోపమేమియు లేదు. ఎవరు వచ్చి అడిగినను ఈమెను పంపుటకు నాకు మనసొప్పదు. ఈమె లేనిచో ఈ బడి బడిగా ఉండదు."

అదే గొంతు. జామచెట్టు గొంతు.

నాయిన తలపాగా ఒళ్లోంచి జారి పడింది. "మా బిడ్డ గురించేనా?" అన్నాడు.

"ఉన్నదే చదివిన బాపూ" అంది ఆమె.

మేనత్త సంబంధం దారిలోనే తెగిపోయింది. అమ్మ ఆ కవరును పట్టుబట్టల మధ్య పెట్టెలో దాచింది. ఆ సాయంత్రం ఆమె బావిగట్టు మీద కూర్చుని తన కవరు విప్పే ఉంటుంది. తన చేత్తో తాను రాసిన నా చీటీ తన కోసం బయటపడి ఉంటుంది. ఆ సంగతి నేను చూడలేదు. మా బండి అప్పటికి ఊరు దాటింది.

జనవరిలో నాయిన నన్ను తీసుకెళ్తే, సిస్టరమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది.

"మీకు ఉత్తరం చదివి చెప్పలేదా?"

"ఎందుకు చెప్పలే తల్లీ! బిడ్డ లేకపోతే బడి బడే కాదంటిరి. ఎవలొచ్చి అడిగినా పంపనంటిరి. గంత మాటన్నంక ఇంట్ల ఎట్ల పెట్టుకుంట?"

సిస్టరమ్మ ముఖం తెల్లబోయింది. ఆ వాక్యం ఎవరి కోసం రాసిందో ఆమెకు తెలుసు కదా. నాయిన ముందు ఏమీ అనలేక, "సరే, వచ్చింది గనుక ఉండనీయండి" అని ఆయనను పంపేసింది. తర్వాత మా చదివే పిల్లను పిలిచింది. నేను అక్కడే ఉన్నాను, ట్రంకుపెట్టె పక్కన.

"ఏం చదివావు వీళ్లకు?"

"ఉన్నదే చదివిన, సిస్టరమ్మా."

"నేను రాసింది అది కాదు. నువ్వే కదా ఎత్తి రాశావు? నీ ఉత్తరంలోది తీసి వీళ్లకు చెప్పావు. జాలిపడ్డావా?"

"ఉన్నదే చదివిన."

"నాతో కూడా అబద్ధమా?"

సాక్ష్యం ఆ పిల్ల పెట్టెలోనే ఉంది. పోయి నా చీటీ తెచ్చి చూపిస్తే అయిపోయేది. తేలేదు. ఇటు నేను నోరు విప్పినా అయిపోయేది. గేటు దగ్గర అంతమంది తల్లులతో మాట్లాడిన నోరు నాది, అప్పుడు ఒక్క మాట రాలేదు.

"చదివేవాళ్ల నోటిమీద నమ్మకం ఉండాలి" అంది సిస్టరమ్మ. ఆమె గొంతులో ఏడుపుంది. "ఇకనుంచి నువ్వు చదవొద్దు."

బడంతా తెలిసింది: ఫలానా అక్క ఎవరి కోసమో ఉత్తరం మార్చి చదివిందట, అందుకే మానిపించారట. ఏండ్లు గడిచేకొద్దీ ఆ నింద మెత్తబడి, తీపెక్కి, మొన్న సభలో దీవెనగా మారింది. అప్పుడు అబద్ధమని తిట్టారు, ఇప్పుడు అబద్ధమని పొగిడారు. ఆడని అబద్ధం ఆమెకు అంటుకునే ఉంది.

చదివే పని ఎవరికొచ్చిందో చెప్పాలా? ఎండకాలం టర్ముకు చాప మీద నేను కూర్చున్నాను. ఆమె వంటింటి పంచలో చింతపండు గింజలు తీస్తోంది. మొదటి కవరు సూది తీయబోతే వేలికి గుచ్చుకుంది. అటు పోతూ ఆమె ఆగి, "కాగితం మీద పెడితే జారిపోతది. పట్టీకి గుచ్చుకో" అని నేర్పి, చాట తీసుకుని వెళ్లింది. సాయంత్రానికి నా మెడపట్టీకి ఇరవై ఆరు సూదులు. ఎన్నిసార్లు లెక్కపెట్టుకున్నానో. నా ఉత్తరం నేనే చదువుతుంటే మాత్రం మా అమ్మ సగంలో ఆపింది.

"బిడ్డా, ఆ పిల్లేది? ఆమెను పిలువరాదూ."

తర్వాత నేను హైదరాబాదులో కాలేజీ చదివాను, మనుషులతో వాదించడం వృత్తిలాగా చేసుకున్నాను. ఆమె ఊరూరా మిషన్ దవాఖానల్లో పనిచేసిందని విన్నాను. అక్కడ కూడా రోగుల ఇండ్లనుంచి వచ్చిన కార్డులు చదివి పెట్టేదట. పన్నెండేండ్ల కింద చౌటుప్పల్‌లో బస్సు కోసం నిలబడితే ఎదురుపడింది. తెల్లచీర, అదే మోచేతుల నడక. చేతిలో మందుల సంచి.

"ఏం చెల్లె, మంచిగున్నవా? అమ్మ ఉన్నదా?"

"పోయింది అక్కా." ఆమెను అక్కా అన్నది అదే మొదలు.

"అయ్యో. నా చదువు ఆమెకు మస్తు ఇష్టముండె." మందుల సంచి చెయ్యి మార్చుకుని అంది: "జామచెట్టు కొట్టేసిన్రు, ఎరికేనా? గోడ కడుతున్నరు ఆడ."

"అక్కా, ఆ యేడు ఉత్తరం…" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. మళ్లీ ఆ చూపే. "ఏ ఉత్తరం?" అంది. ఎదురుచూస్తున్నట్టు అడిగిందో, ఆపమని అడిగిందో పోల్చుకోలేకపోయాను. యాదగిరిగుట్ట జనంతో కిక్కిరిసిన నా బస్సు వచ్చింది. "ఏం లేదక్కా" అని ఎక్కేశాను. తర్వాత ఆరు బస్సులున్నాయి ఆ రోజు.

అమ్మ పోయాక పెట్టె సర్దుతుంటే పట్టుబట్టల మధ్య ఆ కవరు దొరికింది. చౌటుప్పల్‌లో ఆమె ఎదురుపడ్డనాడు అది నా సంచిలోనే ఉంది. సభనాడూ ఉంది. గుండుసూది తుప్పు పట్టి కాగితానికి గోధుమరంగు మచ్చ పడింది, అక్షరాలు మాత్రం చెదరలేదు. నా పేరున్న కవరులో ఆమె వాక్యం. నేను ఇప్పటికీ అప్పుడప్పుడు తీసి చదువుకుంటాను, చదివిన ప్రతిసారీ అసూయ కొత్తగా పుడుతుంది. దొంగిలించినా అది నాది కాలేదు.

ఇప్పుడు అందరికీ చెప్పాను: ఆమె అబద్ధం చదవలేదు. ఆమె చేతిలో ఉన్నదే చదివింది, అది అక్కడ పెట్టింది నేను. ఈ ఒక్కదాని మీద నాతో ఎవరూ వాదించనక్కర్లేదు. ఒక్కటి మాత్రం నాకు తేలలేదు, తేల్చగలిగిన మనిషి వెళ్లిపోయింది. అక్కా, ఆ రోజు తల ఎత్తి నన్ను చూసి, మళ్లీ దించుకుని, నీ మాట మా నాయినకు చదివినవు గదా. నాకు ఇచ్చేద్దామనే చదివినవా, లేక ఏనాటికైనా నేనే ఆ చీటీ తెచ్చి నీ చేతిల పెడతనని ఇన్నేండ్లు ఎదురుచూసినవా?